పరిశోధన గడప దాకా వచ్చి ఆగిపోవద్దు

పి.జి. పూర్తయింది, ఇక చాలు, ఉద్యోగం చూసుకో అని అబ్బాయితోనూ, సంబంధాలు చూస్తున్నాం అని అమ్మాయితోనూ అనడం మన ఇళ్లలో పరిపాటి. కంప్యూటరు చదువంటే ఇంజనీరింగే, దాని ఫలం సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అనుకోవడం మరో పరిపాటి. ఈ రెంటి మధ్యా మన పిల్లలకు దక్కవలసిన ఒక మంచి చదువు చేజారిపోతున్నది.

డిజిటల్ సాంకేతికతకు, సంస్థలకు, సమాజానికి ఉన్న సంబంధంపై పరిశోధనే ఆ చదువు. ఇందులో యంత్రాన్ని తయారు చేయడం ముఖ్యం కాదు. యంత్రం వచ్చాక మనిషి బతుకు ఎలా మారిందన్నదే ప్రశ్న. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక వెనుదిరిగిన వృద్ధురాలికి జవాబుదారీ ఎవరు? ఫోనులోని యాప్ చెప్పినట్లు ఇంటింటికీ భోజనం చేరవేసే యువకుడికి యజమాని ఎవరు? రుణం ఇవ్వరాదని కంప్యూటరే తేలిస్తే కారణం ఎవరిని అడగాలి?

ఇవి మన వీధుల్లోని ప్రశ్నలే. యాప్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. ఇలాంటి చట్టాల మంచిచెడ్డలు తేల్చడానికి చదువుకున్నవారు కావాలి. ఎవరో వచ్చి మన బస్తీల గురించి రాసిపోవడమేనా? మన పిల్లలు రాయవద్దా?

ఈ పరిశోధనకు ఇంజనీర్లే కానక్కరలేదు. సోషియాలజీ, కామర్స్, మేనేజ్‌మెంట్, న్యాయశాస్త్రం, జర్నలిజం చదివినవారికీ దారి ఉంది. బెంగళూరు ట్రిపుల్ ఐటీలో సాంకేతికత, సమాజం అంశంపై పిహెచ్.డి. చేయవచ్చు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇందుకోసం 2001లో ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. డెన్మార్క్, స్వీడన్‌లలో పిహెచ్.డి. విద్యార్థి సాధారణంగా జీతం తీసుకునే ఉద్యోగి.

డబ్బు మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మైనారిటీ విద్యార్థులకు 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. అది మనకు జరిగిన నష్టమే. దాని పునరుద్ధరణ కోరవలసిందే. అయితే ఆ తలుపు మూసుకున్నంత మాత్రాన అన్నీ మూసుకున్నట్లు కాదు. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు వస్తాయి. అది దక్కకపోయినా, 2024 నుంచి నెట్ మార్కులు పిహెచ్.డి. ప్రవేశానికి కూడా పనికివస్తున్నాయి.

ఆడపిల్లల విషయంలో మరొక మాట. పెళ్లయితే చదువు ఆగిపోతుందన్న భయం పూర్తిగా నిజం కాదు. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి గరిష్ఠ గడువు ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. చట్టం ఇచ్చిన వెసులుబాటును అత్తింటివారు, పుట్టింటివారు కాదనడం ఎందుకు?

అలాగని ఈ దారి సులువని చెప్పడం లేదు. ఏళ్ల తరబడి ఓపిక కావాలి, ఇంగ్లీషులో రాయగలగాలి. జమాతు పెద్దలు, విద్యా సంస్థలవారు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలపై చూపే శ్రద్ధలో కొంతైనా నెట్ శిక్షణపై చూపాలి. ఈ శుక్రవారం మీ ఇంట్లో పి.జి. చదువుతున్న బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇంకా చదవాలని ఉందా?’ అని ఒక్కసారి అడగండి.