ఇంటివాని కెరుకలేని గది

ఇల్లు కొన్నవానికి తాళపుచెవులన్నియు అప్పగించుట లోకమర్యాద. కంప్యూటరు విషయమున ఈ మర్యాద చెల్లకున్నది. ఇంటెల్ కంపెనీవారు 2008 ప్రాంతమునుండి తమ ప్రాసెసర్లకు తోడుగా 'మేనేజిమెంటు ఇంజన్' అను మఱియొక చిన్న కంప్యూటరు నమర్చి యమ్ముచున్నారు. విండోసునుండి చూచినను, లినక్సునుండి చూచినను దాని లోపలి నడక కానరాదు. కంప్యూటరు నాపివేసినను, విద్యుత్తు అందుచున్నంతసేపు అది మేల్కొని యుండగలదు. దానిని నడపు ఫర్మువేరు, అనగా చిప్పులో నిలిపిన ఆదేశముల సముదాయము, రహస్యముగనే యుంచబడినది.

రహస్యమువలన రక్షణ కలిగెనా? 2017 మే నెలలో వెల్లడియైన లోపమును చూడుడు. కార్యాలయములలోని కంప్యూటర్లను దూరమునుండి సరిదిద్దుటకై ఈ ఇంజనులో నొక యేర్పాటున్నది. ప్రవేశింపగోరువాడు పంపిన సంకేతము ఎంత పొడవున్న నంతమేరకే అది సరిచూచెడిది. ఏమియు పంపనివానియెడ సరిచూడవలసిన అక్షరమే లేదు; తలుపు తెరచుకొనెడిది! ఈ కావలి ఏండ్లతరబడి సాగినది. ఆ యేటి నవంబరులో మఱికొన్ని లోపములను కంపెనీవారే ప్రకటించిరి.

అంతకంటె విచారింపదగిన సంగతి కలదు. 2017 ఆగస్టులో పాజిటివ్ టెక్నాలజీస్ సంస్థ పరిశోధకులు, తొలిపని ముగియగనే ఈ ఇంజనును నిలిపివేయు గుప్తమైన మీట యొకటి కలదని కనుగొనిరి. అమెరికా ప్రభుత్వపు భద్రతాపథకము నిమిత్తము, కంప్యూటర్ల తయారీదారులు కోరగా దానిని చేర్చితిమని కంపెనీవా రొప్పుకొనిరి. ఆ ప్రభుత్వమునకు అవసరమని తోచిన జాగ్రత్త, సొమ్ము చెల్లించిన తక్కినవారికి అనవసర మెట్లగును?

వేలకొలది కంప్యూటర్లుగల సంస్థలకు దూరపు మరమ్మతు ఉపయోగమే, మేము కాదనము. కోరినవారు వాడుకొందురు గాక! కోరనివారికి మూసివేయు హక్కు కావలెను.

మన అడంగళ్లు, పహాణీలు, బ్యాంకు ఖాతాలు నేడు కంప్యూటర్లకెక్కినవి. కనుక నిది నిపుణుల ముచ్చట మాత్రమే కాదు. మద్రాసు ఐ.ఐ.టి.వారు 'శక్తి' ప్రాసెసరు నమూనాను ఎల్లరు పరీక్షింప వీలుగా వెల్లడించిరి. 2018లో చండీగఢ్ ప్రభుత్వ కర్మాగారమున దాని చిప్పును తయారుచేయించిరి. స్వదేశమున పుట్టినంతమాత్రమున లోపము లేకపోదు. కాని తెరచియుంచినదానిని తరచి చూడవచ్చును. అట్టివి ఇంటింటికి వచ్చుటకు ఇంకను కాలము పట్టును.

అంతవరకు మన ప్రభుత్వములు చేయదగిన పనియొకటి కలదు. కంప్యూటర్లు కొనునప్పుడు, ఆ మీటను మాకును ఇండనియు, ఎన్నేండ్లు దిద్దుబాట్లు పంపెదరో వ్రాసి యిండనియు ఒప్పందమునందే షరతు పెట్టవలెను. పాఠకులును తమ కంప్యూటరు తయారీదారు పంపిన ఫర్మువేరు దిద్దుబాట్లను ఉపేక్షింపకుందురు గాక. ధర చెల్లించిన మనము హక్కును అడుగుటకు జంకనేల?