ఇఱుకు చోట ఆర్కిడ్ల సాగు

మల్లెపందిరియు కనకాంబరముల మడియు లేని పెరడు ఒకనాడు తిరుపతిలో అరుదు. నేడా పెరళ్లు పెక్కు అంతస్తుల మేడలుగా మారినను, పూలయందలి మక్కువ చెక్కుచెదరక, మూరెడు వెడల్పు బాల్కనీలలో తావు వెదకికొనుచున్నది. అందుచేతనే ఈ సంచికను స్వల్పస్థలమున ఒదుగు పొట్టి ఆర్కిడ్లకు కేటాయించితిమి. ఇందలి రచయితలెల్లరు స్థలాభావమును కొఱతగా గాక ఎంపికకు కొలబద్దగా గ్రహించిరి.

మొక్కను పువ్వునుబట్టి గాక, ఆకుల విస్తృతినిబట్టియు పెరుగు తీరునుబట్టియు ఎన్నుకొనవలయునని మా దృఢాభిప్రాయము. కాట్లియావలె ప్రక్కకు ప్రాకుచు కుండీ యంచు దాటిపోవు జాతులకంటె, ఒకే కాండముతో నిలువుగా సాగు పొట్టి వాండాలు, చిన్నరకపు ఫలనాప్సిస్‌లు మనకు అనుకూలములు. మన శేషాచలపు చెట్లకొమ్మలపై స్వయముగా పెరుగు వాండా టెస్సెల్లేటా మన్ను కోరదు. వ్రేలాడు దాని వేళ్లపై నీరు చిలుకరించినంతనే వెండివన్నె తొలగి పచ్చదనము పొడచూపును, ఆరగానే మరల తెల్లబారును. దాహమును మొక్క ఇంతకంటె స్పష్టముగా తెలుపజాలదు.

అయినను, 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడిన ఆ కొండలనుండి ఒక్క మొక్కనైనను పెకలించి తేవలదని చేతులు జోడించి వేడుచున్నాము; నర్సరీలలో పెంచినవే కొనుడు. 40 డిగ్రీలు దాటు మన వైశాఖమున మధ్యాహ్నపుటెండ సోకకుండ షేడ్‌నెట్టు కట్టి, ఉదయముననే వేళ్లు తడుపుడు. రాత్రికి అవి ఆరియుండవలయును.