సంతోషించడం కూడా భక్తి అభ్యాసమే



"విశ్వాసివై ఉండి ఇంత దిగులేమిటి?" అని రోగి మంచం పక్కన నిలబడి చుట్టాలు అనడం మనం వింటూనే ఉంటాం. మంచి మనసుతోనే అంటారు. కాని నొప్పితో ఉన్నవారికి ఆ మాట ఇంకొక బరువవుతుంది. సంతోషం విశ్వాసికి పెట్టే పరీక్ష కాదు, రోజూ కొంచెం కొంచెంగా చేసే అభ్యాసమని మా అభిప్రాయం.

పరిశుద్ధ గ్రంథం కన్నీటిని తప్పు పట్టదు. 150 కీర్తనల్లో ఎన్నో మొరలూ విలాపాలే. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు విడిచాడు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు పత్రిక రాసింది బంధకాల్లో ఉండగానే. అయినా ఆ నాలుగు అధ్యాయాల్లో సంతోషం అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఆయన దుఃఖాన్ని దాచుకోలేదు. ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు దగ్గరైనప్పుడు తానెంత కలతపడ్డాడో రెండవ అధ్యాయంలో తెలుస్తుంది. అతడు కోలుకోవడాన్ని దేవుని కనికరంగా లెక్కించుకున్నాడు. అలా మేలును గుర్తించి లెక్కించుకోవడమే అభ్యాసం.

వైద్య పరిశోధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. 2003లో ఎమ్మన్స్, మెకలాఫ్ అనే అమెరికా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, నరాలు, కండరాల జబ్బులున్న కొందరు 21 రోజులు తమకు కలిగిన మేళ్లను రాసుకున్నారు. అలా రాయని వారికంటే వీరి మనసు తేలికపడింది, నిద్ర మెరుగైంది. జబ్బు పోయిందని కాదు, జబ్బుతోనే రోజు గడపడం కొంత సులువైంది.

మన కుటుంబ ప్రార్థనల్లో అడగడమే ఎక్కువ. పడుకునే ముందు ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు జరిగిన ఒక్క మేలు చెప్పాలి. నొప్పి లేకుండా గడిచిన ఒక గంటయినా చాలు. నెహెమ్యా కాలంలో ఏడుస్తున్న ప్రజలతో, భోజనం చేసి, ఏమీ లేనివారికి వంతులు పంపమన్నారు. పక్క మంచం రోగికి తోడుగా ఉన్నవారికి ఒక గ్లాసు గంజి ఇచ్చినా అదే వరుస.

ఒక హెచ్చరిక. దిగులు రెండు వారాలు దాటినా, ఆకలి, నిద్ర తగ్గినా, బతకాలని లేదనిపించినా అది విశ్వాసలోపం కాదు. డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు, దానికి చికిత్స ఉంది. వెంటనే డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రార్థన చేస్తున్నామని మందులు మానకండి.

ఈ రాత్రి ప్రార్థనలో అడగబోయే ముందు, అందుకున్న ఒక మేలు చెప్పి మొదలుపెడదాం.