నాన్న మెడికల్ ఫైలు

సింగరేణి బొగ్గు గనుల్లో తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే బిడ్డకు ఉద్యోగం వస్తుంది. వారసత్వ ఉద్యోగాలను 2017లో హైకోర్టు కొట్టేసినా, కారుణ్య నియామకాల రూపంలో ఆ దారి నిలిచింది. గోదావరిఖనిలో ఇంటింటికీ తెలిసిన సంగతే. తండ్రిని అన్‌ఫిట్ చేసింది గుండె జబ్బయితే, ఆ ముప్పులోనూ కొంత వాటా బిడ్డకు ముట్టి ఉండొచ్చు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

గుండెకు రక్తం తెచ్చే ధమనిలో పేరుకున్న కొవ్వు పొర చిట్లితే, గాయమైనచోట కట్టినట్టే అక్కడా రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ దారి మూసేయడమే చాలా గుండెపోట్లకు కారణం. గడ్డకట్టించే ప్రొటీన్ల జోరు చాలామేరకు జన్యువుల చేతిలో ఉంటుంది. 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు అలాంటి ఒక ప్రొటీన్ అయిన ఫ్యాక్టర్ 5 జన్యువులో ఒక మార్పును కనుక్కున్నారు. ఐరోపా సంతతిలో దాదాపు 5 శాతం మందికి ఉండే ఈ మార్పు మన దగ్గర అరుదు. పైగా అది ముఖ్యంగా కాలి సిరల్లో గడ్డలు తెస్తుంది. మరి గుండె మాటేమిటి? 66 వేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి 2006లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణలో ముప్పు 17 శాతమే పెరిగింది. ప్రోథ్రాంబిన్ జన్యువు మార్పుతో 31 శాతం. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగతాగేవారికి ముప్పు దాదాపు మూడు రెట్లు!

అందరికీ తెలిసిన జన్యు భేదం ఒకటుంది: రక్తం గ్రూపు. ఓ గ్రూపు కానివారి రక్తంలో గడ్డకట్టించే మరో ప్రొటీన్, ఫ్యాక్టర్ 8 ఎక్కువ. 2012 నాటి అమెరికా అధ్యయనంలో ఓ గ్రూపువారికన్నా బి వారికి 11 శాతం, ఏబీ వారికి 23 శాతం ముప్పు ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది వచ్చిన మరో విశ్లేషణలో షిఫ్టుల్లో పనిచేసేవారికి గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువని తేలింది. రాత్రీ పగలూ బొగ్గు తవ్వే, కరెంటు తీసే ఈ ప్రాంతం పట్టించుకోవాల్సిన అంకె అది.

గడ్డకట్టే జన్యువుల మార్పులతో పెరిగే ముప్పు ఇంత తక్కువ కాబట్టి, ఏ లక్షణమూ లేనివాళ్లు వేలు పోసి వాటి పరీక్షలు చేయించుకోవడం దండగ. చిన్న వయసులోనే మళ్లీ మళ్లీ గడ్డలు కట్టేవారి సంగతి వేరు, అది డాక్టరు తేల్చాలి. స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్రను ఒంట్లో పనిచేయించే జన్యువు కూడా మనలో చాలామందికి మందకొడిగా ఉంటుంది. మాత్ర వాడుతున్నా స్టెంట్ మూసుకుపోతే ఆ పరీక్ష గురించి అడగడం న్యాయం.

తక్కినవారికి ఖర్చులేని ప్రశ్న ఒకటి చాలు. నాన్నకో అన్నకో 55 ఏళ్లలోపు, అమ్మకో అక్కకో 65 ఏళ్లలోపు గుండె జబ్బు వచ్చిందా? సింగరేణికైతే జవాబు తన బోర్డు ఫైళ్లలోనే ఉంటుంది. బిడ్డ ఉద్యోగంలో చేరే రోజే తండ్రి ఫైలు తీసి, అవునని తేలినవారికి తర్వాతి పీఎంఈ (నిర్ణీత కాలానికి జరిగే వైద్య పరీక్ష) దాకా ఆగకుండా ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాలి. జ్యోతినగర్‌లో ఎన్టీపీసీ కాంట్రాక్టు కార్మికులకు, ఓబీ (బొగ్గుపై మట్టి) తీసే కాంట్రాక్టర్ల దగ్గర డంపర్లు నడిపేవారికి అలాంటి ఫైళ్లు ఉండవు. వాళ్లను గేటు దగ్గరి డిస్పెన్సరీలోనే నోటితో అడిగి రాసుకోవాలి.