ముందు కనుక్కోండి, ఆ తర్వాతే పుయ్యండి

కారు డిక్కీలో నీళ్ళు చేరుతున్నాయని వర్క్‌షాపుకెళ్తే చాలాచోట్ల ముందుగా బయటికొచ్చేది టార్చి లైటు కాదు, సిలికాన్ గన్ను. బీడింగ్ చుట్టూ ఓ గీత, టెయిల్ ల్యాంపు చుట్టూ ఓ గీత, అనుమానమొచ్చిన ప్రతి సందులో ఓ ముద్ద. "అయిపోయింది సార్, ఇంక చుక్క రాదు" అంటారు. బిల్లు కట్టి వచ్చేస్తాం. రెండు వానలు పడ్డాక స్టెప్నీ ఎత్తి చూస్తే మళ్ళీ ఓ చిన్న కుంట. మళ్ళీ వెళ్తాం, మళ్ళీ ఇంకో ట్యూబు ఖాళీ అవుతుంది.

ఇది రిపేరు కాదండీ, శాంతి పూజ. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో కనుక్కోకుండా పూసే ప్రతి సీలెంటూ దండగే అని నా వాదన. దండగతో పోతే పర్వాలేదు, కొన్నిసార్లు కారుని ఇంకా పాడుచేస్తుంది కూడా. ఎలాగో చెప్తాను.

మొదటి విషయం. నీళ్ళు కనపడిన చోటికీ, లోపలికొచ్చిన చోటికీ సంబంధం ఉండాలని ఏమీ లేదు. స్టెప్నీ పెట్టే గుంట డిక్కీలో అన్నిటికంటే పల్లం. ఎక్కడ దూరినా నీళ్ళు చివరికి చేరేది అక్కడికే. కారు టాప్ మీద రేకులు కలిసే అతుకు దగ్గర దూరిన చుక్క, లోపల పిల్లర్ వెంటా వైరింగ్ వెంటా జారుకుంటూ వచ్చి, ఎక్కడో టెయిల్ ల్యాంపు కింద తేలుతుంది. మనవాళ్ళు తడి చూసి ల్యాంపుని దోషిగా నిలబెడతారు. పైగా కారు ఏటవాలులో ఏ వైపు వంగి ఉందో దాన్నిబట్టి దారి మారిపోతుంది. ఒక పార్కింగులో కారే కారు ఇంకో పార్కింగులో కారదు. మన భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో బానే పనిచేస్తోంది" అన్నమాట :)

రెండో విషయం ఇంకా ముఖ్యం. నీళ్ళు లోపలికి తేలే చోట సీలెంటు పూస్తే లీకు ఆగదు, కనపడటం ఆగుతుంది. బయటనుంచి రేకుల మధ్యకి దూరిన నీళ్ళకి బయటపడే దారి మూసేశారు కదా, అవి అక్కడే నిలబడతాయి. లోపల్నుంచి తుప్పు తింటూ వస్తుంది. ఎక్సెప్షన్‌ని ఖాళీ క్యాచ్ బ్లాకులో మింగేసి "బగ్ ఫిక్స్‌డ్" అని రాసే వాణ్ణి కోడ్ రివ్యూలో ఏమంటామో, దీన్నీ అదే అనాలి.

ఇంక ఆ సిలికాన్ సంగతి. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు రకం, అదే పూయగానే వెనిగర్ వాసన వస్తుందే, అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. పెయింటు లేచిపోయిన రేకు మీద అది పడితే తుప్పుకి పిలిచి పీట వేసినట్టే. సిలికాన్ మీద పెయింటు కూడా పట్టదు. రేపు అదే చోట సరిగ్గా పని చెయ్యాలన్నా, ముందు ఈ జిడ్డంతా గోకి తీయటానికే సగం రోజు పోతుంది.

ఇంతకంటే అన్యాయం ఒకటుంది. చాలా కార్లకి వెనక బంపర్ వెనకాల, పక్కల్లో గాలి బయటికి పోవటానికి రబ్బరు రెక్కల వెంట్లు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి పోయేది వాటిగుండానే. వాటి చుట్టూ ఉన్న ఫోమ్ చెడిపోతే చక్రాలు చిమ్మే నీళ్ళు లోపలికొస్తాయి, నిజమే. దానికి కొత్త వెంటు వెయ్యాలి. కానీ కొందరు మహానుభావులు ఆ వెంటునే సిలికాన్‌తో మూసేస్తారు. ఆ తర్వాత తలుపు గట్టిగా బాదితేగానీ పడదు, అద్దాల మీద ఆవిరి వదలదు. ఒక లీకు ఆపబోయి రెండు కొత్త బగ్గులు. ఇంకొందరైతే స్టెప్నీ గుంట అడుగున ఉండే రబ్బరు బిరడా పీకేసి "నీళ్ళు ఎన్నొచ్చినా కారిపోతాయి సార్" అంటారు. కింద తెరిచిన చిల్లులోంచి నీళ్ళు పోవటమే కాదు, రోడ్డు మీది బురద, సైలెన్సర్ పొగ పైకి కూడా వస్తాయి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందని ఇంజినీరింగ్ చదివిన వాళ్ళకి నేను చెప్పాలా?

"డిక్కీలో గ్లాసుడు నీళ్ళకి ఇంత గోలా?" అని మీరు అడగొచ్చు. సరే, లెక్క చూద్దాం. కార్పెట్ కింద ఉండే ఫెల్ట్ స్పాంజిలా నీళ్ళు పీల్చుకుంటుంది. పైన పొడిగా ఉంటుంది, కింద నెలల తరబడి తడే. బూజు, ముక్క వాసన, పొద్దున్నే అద్దాలకి లోపలివైపు ఆవిరి అన్నీ అందుకే. టెయిల్ ల్యాంపు కనెక్టర్లు, పార్కింగ్ సెన్సర్ మాడ్యూలు, ఆంప్లిఫయరు ఉండేది ఆ చుట్టుపక్కలే. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో చాలా మోడళ్ళకి బ్యాటరీ కూడా డిక్కీలోనే.

ఇంకోటి, అమ్మబోయే రోజు సంగతి. 2015 చెన్నై వరదలు, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు చూశాక, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడు ముందు స్టెప్నీ ఎత్తి చూస్తున్నాడు. అక్కడ తుప్పూ నీటి మరకా కనపడితే మీ కారు వరదలో మునిగిందనే అనుకుంటాడు. వరద కారులో అయితే సీట్ల పట్టాల్లోనూ, సీట్ బెల్టు లోపలి చుట్టలోనూ ఒండ్రు ఉంటుంది, లీకు కారులో ఉండదు అని మీరు ఎంత వివరించినా వినే ఓపిక అతనికి ఉండదు. ఇక సెంటు కొట్టి, కొత్త మ్యాట్ వేసి అమ్మేసే వాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది మోసం.

మరి కనుక్కోవటం ఎలా? దీనికి రాకెట్ సైన్స్ అక్కర్లేదు. ఒక పూట, ఒక నీళ్ళ పైపు, ఒక తోడు మనిషి చాలు.

డిక్కీలో ఉన్నవన్నీ తీసెయ్యండి. కార్పెట్, పక్క ట్రిమ్ములు, స్టెప్నీ కూడా. అంతా పొడిగా తుడిచి, అతుకుల కిందా ల్యాంపుల కిందా పిల్లల పౌడరు చల్లండి. నీళ్ళు నడిచిన దారి దాని మీద గీతలా పడుతుంది. వెనక సీటు మడిచి, తోడు మనిషిని క్యాబిన్‌లోంచి టార్చితో చూడమనండి. మనిషిని డిక్కీలో పెట్టి మూత వెయ్యటం మాత్రం వద్దు, పిల్లల్ని అసలే వద్దు. ఇప్పుడు పైపుకి నాజిల్ పెట్టకుండా, మెల్లగా పారేలా నీళ్ళు వదలండి. వాటర్ సర్వీసింగ్ ప్రెషర్ గన్ను వాడితే మంచి బీడింగ్‌ని కూడా దాటుకుని నీళ్ళు పోతాయి, లేని లీకు కనపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: కింది నుంచి పైకి రావాలి. ముందు బంపర్ ఎత్తు, తర్వాత టెయిల్ ల్యాంపులు, తర్వాత డిక్కీ మూత చుట్టూ బీడింగ్, తర్వాత వెనక అద్దం, చివర్న టాప్ మీది అతుకులు, యాంటెనా. ఒక్కోచోట ఐదు, పది నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది దోషో తేలదు. ఒకసారికి ఒకే వేరియబుల్ మార్చాలని మనం ట్రైనీలకి నూరిపోస్తామే, అదే సూత్రం.

బీడింగ్ మీద అనుమానమైతే మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి మూత వేసి లాగండి. బిగువుగా రావాలి. సుళువుగా జారిపోతే అక్కడ రబ్బరు ఒత్తుకోవటం లేదు. అప్పటికీ దొరక్కపోతే, అద్దాలన్నీ ఎత్తి బ్లోయరు బయటి గాలి మోడ్‌లో ఫుల్లు పెట్టి, బయట అతుకుల మీద సబ్బునీళ్ళు చల్లండి. బుడగలొచ్చిన చోట లోపలి గాలి బయటికొస్తోందని అర్థం. (గాలి వెంట్ల దగ్గర రావటం మామూలే, వాటిని ఆ కాసేపు టేపుతో మూసుకోవచ్చు.)

మన ఊళ్ళలో ఇంకొన్ని ప్రత్యేక నిందితులున్నారు. బయట వేయించిన రివర్స్ కెమెరా వైరు, స్పాయిలర్ బోల్టులు, సీఎన్‌జీ సిలిండర్ స్టాండు కోసం అడుగున కొట్టిన చిల్లులు, యాక్సిడెంటయ్యాక టింకరింగ్ చేసి అతుకుల్లో సీలరు వెయ్యటం మర్చిపోయిన రేకులు. మా టీములో ఒకాయన కారుకి మూడుసార్లు టెయిల్ ల్యాంపు చుట్టూ సిలికాన్ పూశారు. తీరా ట్రిమ్ము విప్పి నీళ్ళు పోసి చూస్తే, కెమెరా వైరుని బీడింగ్ మీదనుంచి అడ్డంగా లాగారు. ఆ వైరు పక్కనున్న సన్నటి సందులోంచి నీళ్ళు పాకుతూ వస్తున్నాయి. రబ్బరు గ్రొమెట్ గుండా వైరు మార్చటానికి అరగంట పట్టింది. మూడు ట్యూబుల సిలికాన్ గోకటానికి మాత్రం పూటంతా పట్టింది.

దొరికాక మందు తేలికే. ల్యాంపు గ్యాస్కెట్ పోతే కొత్తది, లేదా బ్యూటైల్ టేపు. బీడింగ్ చచ్చుబడితే కొత్త బీడింగ్. అతుకు పగిలితే పాత సీలరు గోకి, శుభ్రం చేసి, పాలీయురెథేన్ సీమ్ సీలరు వేసి, ఆరాక పెయింటు. సన్‌రూఫ్ కాలువల్లో వేపాకులు అడ్డుపడితే సన్నటి నైలాన్ తీగతో మెల్లగా తియ్యాలి. కంప్రెసర్ గాలి కొడితే లోపల గొట్టం ఊడిపోయే ప్రమాదం ఉంది. చివర్న మళ్ళీ నీళ్ళు పోసి చూడాలి. ఫిక్స్ చేశాక టెస్టు చెయ్యని వాణ్ణి మనం ఆఫీసులో వదుల్తామా?

ఇదంతా మెకానిక్కులకి తెలీదా? అబ్బే, మంచి మెకానిక్కుకి మనకంటే బాగా తెలుసు. మరెందుకు చెయ్యరు? ఎందుకంటే, వెతికినందుకు మనలో ఎవరూ డబ్బులివ్వరు. "పార్టు ఏం మార్చావన్నా? ఏమీ మార్చకుండా ఇంత బిల్లేంటి?" అని కౌంటరు దగ్గర గొడవపడే వాళ్ళలో మెడలో ట్యాగు వేసుకున్న వాళ్ళే ఎక్కువ. రూట్ కాజ్ ఎనాలిసిస్ పేరుతో క్లయింటుకి గంటల లెక్కన బిల్లు వేసే జాతి మనది. అదే పని ఎండలో నిలబడి ఇంకొకడు చేస్తే దానికి విలువ లేదా? పూట కష్టానికి సున్నా, ఐదు నిమిషాల సిలికాన్‌కి డబ్బులు అంటే ఎవడైనా సిలికానే పూస్తాడు.

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు మూడు మాటలు చెప్పండి. "వాటర్ టెస్టు చేసి, ఎక్కణ్ణించి వస్తోందో నాకు చూపించాక పని మొదలుపెట్టన్నా. వెతికినందుకు లేబరు వేరే ఇస్తాను. అయ్యాక నా ముందే మళ్ళీ నీళ్ళు పొయ్యి." పెద్ద సర్వీస్ సెంటరైతే జాబ్ కార్డులో రాయించండి, "సీలెంట్ వేశాం" అని కాదు, ఏ చోట లీకు, ఏం మార్చారు అని. వారంటీలో ఉన్న బండికి ఆ కాగితమే మీ ఆయుధం. డబ్బులు తీసుకుని పని సరిగ్గా చెయ్యకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద దాన్ని సేవాలోపం అంటారు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. కానీ చేతిలో కాగితం లేకపోతే ఏ చట్టమూ ఏమీ చెయ్యలేదు.

"అంత టైమెక్కడిది బాసూ" అనే వాళ్ళకి ఒకటే మాట. మూడుసార్లు వర్క్‌షాపు చుట్టూ తిరగటానికి దొరికిన టైము, ఒక్కసారి కనుక్కోవటానికి దొరకదా?

ఇంతకీ, మీ స్టెప్నీ ఎత్తి చూసి ఎన్నాళ్ళైంది?