చెత్తను వేరు చేస్తే చాలదు, చెత్త నుంచి కులాన్ని వేరు చేయాలి

నగరాలు పెరిగే కొద్దీ చెత్త గురించిన మాటలూ పెరుగుతున్నాయి. తడి చెత్త, పొడి చెత్త, సుస్థిరత, పునర్వినియోగం అంటూ విశ్వవిద్యాలయాల్లో సదస్సులు జరుగుతున్నాయి. మన గడప దాటిన సంచిని మొదట ఏ చెయ్యి విప్పుతుంది, ఆ చెయ్యి ఏ కులానిది అన్న ప్రశ్న మాత్రం ఆ సదస్సుల్లో అరుదుగా వినబడుతుంది. ఈ ప్రశ్నను పక్కన పెట్టిన ఏ పథకమైనా సగం పథకమే.

జంషెడ్‌పూర్‌నే తీసుకుందాం. ఉక్కు పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలకు ఇది పరిచయమున్న ఊరే. 1907లో పుట్టిన టాటా కంపెనీ సాక్చీ గ్రామం చుట్టూ కట్టిన ఈ పట్టణానికి 1919లో ఇప్పటి పేరు వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికి నగర సముదాయం 13 లక్షలు దాటింది. దీన్ని ప్రణాళికాబద్ధమైన, పరిశుభ్రమైన నగరంగా చెప్పుకుంటారు. ఆ పరిశుభ్రత వెనుక ఉన్నవాళ్ళను చూడాలంటే సీతారాండేరా పక్కనున్న భాలుబాసాకు వెళ్ళాలి. అక్కడి హరిజన్ బస్తీలోని ముఖీ సమాజం తరతరాలుగా నగర పారిశుద్ధ్యంతో ముడిపడి ఉంది. ఉక్కు పరిశ్రమ ఆధునికమైనదే. ఊడ్చే పని పంపకంలో మాత్రం అది పాత పల్లె పద్ధతినే వెంట తెచ్చుకుంది.

బస్తీ పేరు కూడా ఆలోచించదగ్గదే. 1938లో బొంబాయి శాసనసభలో ‘హరిజన’ పదాన్ని చట్టంలోకి ఎక్కించబోతే అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు వాకౌట్ చేశారు. పాకీపనిని పవిత్ర సేవగా పొగిడిన గాంధీ ధోరణిని 1945 నాటి పుస్తకంలో ఆయన నిలదీశారు. పనిని పొగిడితే చాలు, పని చేసేవాడి స్థితి మార్చనక్కర్లేదన్న ఆ ధోరణి ఇంకా పోలేదు. పారిశుద్ధ్య కార్మికుల కాళ్ళు కడిగి శాలువా కప్పి, మర్నాడు వాళ్ళనే కాంట్రాక్టరుకు అప్పగించే సంస్కృతి దాని కొనసాగింపే.

ప్రమాదకరమైన మురుగు పని సంగతి చూడండి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల కార్మికుల్లో సుమారు 38 వేల మంది వివరాలను నమస్తే పథకం కింద ప్రభుత్వం 2024 నాటికి పరిశీలించింది. వారిలో 68.9 శాతం ఎస్సీలు, 8.3 శాతం ఎస్టీలు, 14.7 శాతం ఓబీసీలు. ఇది యాదృచ్ఛికమని ఎవరూ అనలేరు.

ఇక ఇంటి సంగతి. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. వాడిన ప్యాడ్లను, డైపర్లను విడిగా చుట్టి ఇవ్వమన్నాయి. చెత్త ఏరుకునేవారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకొమ్మన్నాయి. కార్మికులకు చేతి తొడుగులు, బూట్లు, రెయిన్‌కోట్లు ఇవ్వాలన్నాయి. అన్నం మెతుకులు, గాజుముక్కలు, బ్లేడ్లు ఒకే సంచిలో వేసి బయట పెడితే తెగేది మరొకరి చెయ్యి. తడిసిన కాగితానికి ధర పోతుంది, ఏరుకునేవారి కూలి పడిపోతుంది. మన ఇళ్ళలో శుభ్రత అంటే మురికిని గడప అవతలికి నెట్టడం, ఆపైన దాన్ని ఎత్తినవాణ్ణి మురికివాడనడం. కాబట్టి ఇంట్లో చెత్త వేరు చేయడాన్ని పర్యావరణ అలవాటుగా మాత్రమే చూడలేం. అంటరానితనం నిలబడి ఉన్న అలవాట్లలో ఒకదాన్ని మానుకోవడం అది.

అయితే భారమంతా ఇళ్ళమీదే వేయలేం. ఒక్క గదిలో అయిదుగురు బతికే బస్తీకి మూడు డబ్బాల గురించి ఉపన్యాసమిస్తే ఏం లాభం? జంషెడ్‌పూర్‌లో పౌరసేవలు టాటా అనుబంధ సంస్థ, నోటిఫైడ్ ఏరియా కమిటీ, మాంగో, జుగ్సలాయీ స్థానిక సంస్థల మధ్య చీలి ఉన్నాయి. 1992 నాటి 74వ సవరణ నగరపాలక సంస్థలను తప్పనిసరి చేస్తూనే, 243క్యూ అధికరణలో పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు పెట్టింది. ప్రధాన నగరం ఎన్నికైన పాలకమండలి లేకుండానే దశాబ్దాలు గడిపింది. బస్తీలో చెత్తబండి రాకపోతే నిలదీయడానికి కార్పొరేటర్ ఉండడు. ఓటున్న పౌరుణ్ణి ఫిర్యాదు నంబరున్న వినియోగదారుడిగా మార్చడమే ఇది.

ఎన్నికైన సంస్థలున్న చోట అంతా బాగుందనీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో క్లాప్ పేరుతో చెత్త వాహనాలు, వాటితోపాటు చెత్త పన్ను వచ్చాయి. పన్ను మీద గొడవ జరిగింది, ప్రభుత్వం మారాక అది రద్దయింది. ఆ గొడవంతా ఇంటివాళ్ళ జేబు చుట్టూనే తిరిగింది. 2023 డిసెంబరు 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి క్రమబద్ధీకరణ, సమాన పనికి సమాన వేతనం అడిగితే, చాలామందికి అది వీధిలో పేరుకున్న చెత్త సమస్యగానే కనిపించింది. సమాన వేతనం వాళ్ళు అడుక్కునే దయ కాదు. తాత్కాలిక ఉద్యోగులకూ ఆ సూత్రం వర్తిస్తుందని 2016లోనే జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోస్తా పట్టణాల్లో ఈ పనిలో మగ్గిపోయిన రెల్లి కులస్తులు ఎస్సీల్లోనే అట్టడుగున ఎందుకున్నారో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

వేరే దారి లేదా? ఉంది. పుణేలో చెత్త ఏరుకునే మహిళలు 1993లో సంఘం పెట్టుకున్నారు. 2008లో వాళ్ళ ‘స్వచ్’ సహకార సంఘంతో నగరపాలక సంస్థ ఒప్పందం చేసుకుంది. ఇంటింటా సేవకు రుసుము, పొడి చెత్త అమ్మితే వచ్చే డబ్బు సభ్యులకే దక్కుతాయి. ఆ నమూనాకూ లోపాలున్నాయి, పర్మినెంట్ ఉద్యోగ భద్రతకు అది ప్రత్యామ్నాయం కాదు. కానీ చెత్తలోని విలువ మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు అది సరైన జవాబు చెప్పింది. 1968లో మెంఫిస్ నగరంలో చెత్తలారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి కార్మికులు చనిపోయాక, సుమారు 1,300 మంది సమ్మె చేశారు. నేనూ మనిషినే అని అట్టల మీద రాసుకుని నడిచారు. ఏ నగరంలోనైనా చెత్త సమస్య మొదలయ్యేది ఆ మాట దగ్గరే.

అందుకే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులు లెక్కించే ముందు కొన్ని వేరే లెక్కలు అడుగుదాం. ఎంతమంది పర్మినెంట్? ఎందరికి పీఎఫ్, ఈఎస్ఐ అందుతున్నాయి? పర్యవేక్షకులది ఏ కులం, ఊడ్చేవారిది ఏ కులం? వాళ్ళ పిల్లల్లో ఎందరు చీపురుకు దూరంగా మరో ఉద్యోగంలో కుదిరారు? పరిశోధక విద్యార్థులు ఈ లెక్కల కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. మన హాస్టల్ మెస్‌లో మిగిలిన అన్నాన్ని, మన బాత్‌రూముల మురికిని ఎత్తుతున్న అవుట్‌సోర్సింగ్ కార్మికుల జీతపు చీటీ అడిగి చూస్తే చాలు. భాలుబాసా పిల్లలకు ఆ చీపురు వారసత్వంగా రాని రోజున జంషెడ్‌పూర్‌ను పరిశుభ్రమైన నగరమందాం.