అద్దమునకు మెఱుగు, బింబమునకు బూజు

పండుగ వచ్చినదనిన చాలును, మన పట్టణములలోని అంగళ్లు టెలివిజన్ పెట్టెల ప్రకటనలతో నిండిపోవుచున్నవి. హెచ్.డి. యని యొకరు, 4కె యని యొకరు, 8కె యని వేఱొకరు కేకలు వేయుచున్నారు. బొమ్మ నిగ్గుదేఱినకొలదిని నాటకము రసవంతమగునని వారి వాదము. దీనికి ప్రతిగా, పాత చిత్రమునకు మసకయే అందమనియు, స్పష్టత హెచ్చినకొలదిని రసము చచ్చుననియు నిట్టూర్చు పెద్దలును గలరు. ఈ రెండు పక్షములలో దేనిని గాని మేమంగీకరింపజాలము.

మొదట లెక్క చూతము. పూర్వపు దూరదర్శన్ ప్రసారమున తెఱపై గానవచ్చు గీతలు 576; అంకెలలోనికి మార్చినచో బొమ్మకు సుమారు 4,14,000 బిందువులు. పూర్తి హెచ్.డి. యందు గీతలు 1080, బిందువులు 20,73,600. అనగా అయిదు రెట్లు. 4కె యందు దానికి మరల నాలుగు రెట్లు. ఈ వృద్ధి నిజమే. కాని చూచెడి కన్ను మాత్రము పెరుగలేదు. ఆరోగ్యముగల సామాన్యుని కన్ను ఒక డిగ్రీలో అఱువదవ వంతుకంటె సూక్ష్మమైన భేదమును గుర్తింపజాలదు. ఈ లెక్కను బట్టి 43 అంగుళముల హెచ్.డి. తెఱకు అయిదున్నర అడుగుల ఆవల గూర్చున్నవానికి దాని బిందువులే విడివిడిగా గానరావు. ఇక నంతకు నాలుగు రెట్ల బిందువులు కొని అతడు చేయునదేమి? ఎనిమిది అడుగుల దూరమున చాప పఱచుకొని చూచెడి గృహస్థు తన సొమ్ములో కొంత కంటికందని సొగసునకు చెల్లించుచున్నాడు.

కంటికందిన సొగసైనను రసమును పుట్టింపగలదా? 1987లో దూరదర్శన్ ప్రసారము చేసిన రామానంద్ సాగర్ రామాయణమును దేశమంతయు ఆ 576 గీతలలోనే చూచినది. 2020లో జనులు ఇండ్లనుండి కదలరాని దినములలో దానిని మరల ప్రసారము చేయగా, కోట్లకొలది ప్రజలు తమ క్రొత్త తెఱలముందు గూర్చుండి ఆ పాత బొమ్మనే చూచిరి. గీతలు తక్కువయైనవని యెవరును లేచిపోలేదు. కథలో బలమున్నచోట కన్ను సర్దుకొనును. బలము లేనిచోట బిందువులు కోటియైనను అత్తాకోడండ్ర కలహపు సీరియలు అత్తాకోడండ్ర కలహముగానే యుండును. నటీమణి నగల రాళ్లు మాత్రము లెక్కింపవచ్చును.

మేలు చేయకపోవుట యటుండగా, ఈ పెట్టెలు కీడును చేయుచున్నవి. సినిమా క్షణమునకు 24 బొమ్మలతో నడుచును. ఆ నడకయే దాని లయ. నేటి పెట్టెలు అనేకములు ఆ బొమ్మల నడుమ లేనిబొమ్మలను తామే కల్పించి చొప్పించి, కదలికను నూనె పూసినట్లు జారుడుగా జేయుచున్నవి. మహాచిత్రమైనను అప్పుడు చవుకబాఱు సీరియలువలె గానవచ్చును. 2018లో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ ఈ యమరికను కట్టివేయుడని ప్రజలను బహిరంగముగా వేడుకొనిరి. మన పాఠకులకు మేము చెప్పునదియు నదియే: పెట్టె కొన్ననాడే ఆ మీటను కట్టివేయుడు. సవరింపుమని దర్శకుడెవడును యంత్రమును వేడుకొనలేదు.

ఇక మసకను కీర్తించు పెద్దలకు ఒక్క మాట. 1957లో కె.వి. రెడ్డి తీసిన మాయాబజారు మసకచిత్రము గాదు. మార్కస్ బార్ట్‌లీ దానికి పట్టిన వెన్నెల 35 మిల్లీమీటర్ల ఫిలిముపై వెండివలె నిలిచినది. ఆ ఫిలిములో దాగియున్న సూక్ష్మము పాత టెలివిజను చూపగలిగినదానికంటె అనేక రెట్లెక్కువ. మీరు ప్రేమించుచున్న మసక అరిగిన ప్రతిది, గీతలుపడిన రీలుది, కళాకారునిది గాదు. ఆ చిత్రమునకు 2010లో రంగులద్దిరి. రంగు పరాయిది, మూలములోని తెలుపునలుపుల నాణ్యము స్వంతము. ఆ స్వంతమును ఇంటింటికి చేర్చుటకే స్ఫుటమైన తెఱ పుట్టినదని మేము నమ్ముచున్నాము. అట్టి సేవ చేసిననాడు దానికి మేమును స్వాగతము పలుకుదుము.

కాని చేర్చుటకు మనయొద్ద మూలమేది? 1931 నాటి ఆలం ఆరా లేదు. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీ భక్తప్రహ్లాద లేదు. పూణేలో జాతీయ చలనచిత్ర భాండారము నెలకొన్నది 1964లో. అప్పటికే ఎన్నియో చిత్రములు వెండికై కరగిపోయినవి. 2003లో పూణేలోనే అగ్ని చెలరేగి నైట్రేటు ఫిలిములు బూడిదయైనవి. పథేర్ పాంచాలి మూలము 1993లో లండనులో కాలగా, మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యా నిపుణులు అతికి బ్రతికించిరి. 2015లో అది 4కె రూపమున లోకమునకు దక్కినది. మన బిడ్డను పరాయివారు బ్రతికించిరి. వారికి నమస్కారము, మనకు సిగ్గు.

ఆకలిగొన్న దేశమునకు పాతరీళ్లేలయని కొందఱందురు. వేలకు వేలు పోసి తెఱలు కొనునది ఈ దేశమే గదా! 2022లో కేంద్రప్రభుత్వము సుమారు 2,200 చిత్రముల పునరుద్ధరణకై 363 కోట్ల రూపాయలు ప్రకటించినది. మంచిదే. అందులో తెలుగు చిత్రములకు దక్కిన పాలెంత, అయిన పనియెంత యని అడుగుట మన విధి. ప్రతి నిర్మాత తన మూలప్రతిని భాండారమున నుంచవలెను. రెండు తెలుగు రాష్ట్రములును చల్లని, పొడియైన గదులతో తమ భాండారములను తాము నిలుపుకొనవలెను. పఠనమందిరములు ఈ కోరికపై సంతకములు సేకరించి పంపవలెను.

అద్దమును అంగడిలో ఎన్నడైనను కొనవచ్చును. ముఖమును కొనలేము. అద్దమునకు మెఱుగు పెట్టుచు ముఖమును చెదలకప్పగించు జాతి, తుదకు ఆ నిగనిగలాడు గాజులో చూచుకొనునది శూన్యమునే.